బెంగళూరులో నీళ్ల ఆంక్షలు పెట్టినప్పుడు ఇల్లూ, మెస్సూ, పీజీ హాస్టలూ ఎలా నడుపుకోవాలి

ఫిబ్రవరి సగం దాటిందంటే చాలు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వేరే మాట ఉండదు, కావేరి వచ్చిందా, బోరు ఎంతసేపు పోసింది, ట్యాంకర్ ఎన్నింటికొస్తుంది, ఇదే. మేముండేది వర్తూరు వైపు. 2024 ఎండాకాలం ఇక్కడున్న తెలుగువాళ్లెవరూ మర్చిపోలేరు. అంతకు ముందు ఏడాది వానలు మొహం చాటేశాయి, కర్ణాటకలో 236 తాలూకాలుంటే 223 కరువు కింద ప్రకటించారు, బెంగళూరులో దాదాపు 14 వేల ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని ముఖ్యమంత్రి సిద్ధరామయ్యే చెప్పారు. ఊరికి రోజుకి 260 కోట్ల లీటర్లు కావాలి, కావేరి నుంచి అప్పట్లో వచ్చేది 145 కోట్ల లీటర్ల చిల్లర, మిగతాదంతా బోర్ల మీద నడిచేది, ఆ బోర్లే చేతులెత్తేస్తే ఇంకేముంది. ఆ ఏడాది నేను అపార్ట్‌మెంట్ కమిటీలో ఉన్నా కాబట్టి ఈ నీళ్ల పనంతా నా నెత్తిమీదే పడింది, రాత్రి పదకొండింటికి ట్యాంకర్ కోసం గేటు దగ్గర నిలబడ్డ రోజులు చాలా ఉన్నాయి. ఇప్పుడు ఊరి నుంచి కొత్తగా వచ్చినవాళ్లు ఏటా అవే అడుగుతుంటారు, అందుకని నాకు తెలిసింది వరసగా రాస్తున్నా.

ముందు రూలేంటో సరిగ్గా తెలుసుకోండి

2024 మార్చిలో జలమండలి, అదే బీడబ్ల్యూఎస్‌ఎస్‌బీ, ఒక ఆర్డర్ ఇచ్చింది. తాగే నీళ్లతో బండ్లు కడగకూడదు, గార్డెన్‌కి పెట్టకూడదు, బిల్డింగులు కట్టడానికీ రోడ్డు పనులకీ వాడకూడదు, ఫౌంటెన్లు నడపకూడదు, సినిమా హాళ్లూ మాల్సూ తాగడానికి తప్ప వేరే వాటికి వాడకూడదు. దొరికితే 5,000 రూపాయల ఫైను, మళ్లీ దొరికితే ఇంకో 5,000, దాని పైన రోజుకి 500 చొప్పున. కొన్ని రోజులకే స్విమ్మింగ్ పూల్స్ కూడా అందులో చేర్చారు. ఇదేదో కాగితం మీద రూల్ అనుకోవద్దు, ఆ నెలలోనే 22 ఇళ్లవాళ్ల దగ్గర లక్షా పది వేలు వసూలు చేశారు. బోరు నీళ్లే కదా, కావేరి కాదు కదా అనే మాట కూడా అన్నిసార్లూ చెల్లదు, హోలీకి రెయిన్ డ్యాన్సులూ పూల్ పార్టీలూ పెట్టేవాళ్లకి కావేరి నీళ్లూ బోరు నీళ్లూ రెండూ వాడొద్దన్నారు.

2024 అక్టోబర్‌లో కావేరి నీళ్ల పథకం ఐదో స్టేజ్ మొదలైంది, రోజుకి 77.5 కోట్ల లీటర్లు, 2007లో బీబీఎంపీలో, అంటే అప్పటి నగర పాలక సంస్థలో, కలిసిన 110 ఊళ్ల కోసం. ఇక బాధ లేదనుకున్నాం అందరం. 2025 ఫిబ్రవరిలో మళ్లీ అదే ఆర్డర్ వచ్చింది, అదే 5,000 ఫైనుతో. కాబట్టి పైపు వచ్చింది కదా అని ఊరుకోకండి. మీరు చదివే టైమ్‌కి ఏ రూల్ నడుస్తోందో 1916కి ఫోన్ చేసి కనుక్కోండి, అది జలమండలి నంబరు, ఇరవై నాలుగ్గంటలూ పనిచేస్తుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఒక ముక్క. అక్కడ తిప్పలు వేరే, కొళాయికి డైరెక్టుగా మోటారు బిగించి లాగేస్తే వీధి చివరింటికి చుక్క రాదు. 2025 ఏప్రిల్‌లో అక్కడి జలమండలి ఇంటింటికీ తిరిగి మోటార్లు పట్టుకుంది, 5,000 ఫైను వేసింది, మోటారు కూడా తీసుకెళ్లిపోయింది. కింద రాసిన కొలతలూ లీకుల సంగతీ మీకూ పనికొస్తాయి.

మళ్లీ బెంగళూరు ఆర్డర్ సంగతికొస్తే, ఒక విషయం గమనించండి. ఆర్డర్‌లో మొక్కలకి నీళ్లు పెట్టొద్దని లేదు, తాగే నీళ్లు పెట్టొద్దని ఉంది. బండి కడగొద్దని లేదు, తాగే నీళ్లతో కడగొద్దని ఉంది. కావేరి నీళ్లు దగ్గర దగ్గర వంద కిలోమీటర్ల నుంచి మోటార్లతో ఎత్తి ఎత్తి తీసుకొస్తున్నారు ఈ ఊరికి, అలాంటి నీళ్లతో టైర్లు కడిగితే ఎవరికైనా కడుపు మండుతుంది. అందుకే ఏ పనికి ఏ నీళ్లు అన్నది తేల్చుకుంటే సగం గొడవ అక్కడే తీరిపోద్ది, మిగతా సగం కొలత.

రెండోది, కొలవండి

కొలవకుండా పొదుపు చేద్దామనుకుంటే ఇంట్లో గొడవలు తప్ప నీళ్లు మిగలవు, నాది అనుభవం. సంపు (నేల కింద కట్టిన నీళ్ల తొట్టి) పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో కొలిచి మూడూ గుణించి 28.3తో గుణిస్తే లీటర్లు వస్తాయి. 10 అడుగుల పొడవు, 8 వెడల్పు, 6 లోతు ఉంటే సుమారు 13,500 లీటర్లు. అదే సంపులో ఒక్క అంగుళం దిగిందంటే దాదాపు 190 లీటర్లు. ఒక పీవీసీ పైపు ముక్కో పొడుగాటి కర్రో తీసుకుని అంగుళం అంగుళానికి పెయింట్‌తో గీతలు పెట్టుకోండి, సంపు మూత పక్కనే పెట్టేయండి.

ఇప్పుడు ఆ కర్రతో మూడు పనులు. ఒకటి, రాత్రి అందరూ పడుకున్నాక, మోటారు ఆపేశాక సంపు కొలవండి, తెల్లారి మోటారు వెయ్యకముందు మళ్లీ కొలవండి, దిగిందంటే సంపే కారుతోంది. పైన ట్యాంకుకీ ఇలాగే చెయ్యండి, మూత తీసి గీత పెట్టుకుని పొద్దున్నే చూడండి, అది దిగితే ఏదో ఇంట్లో ఫ్లష్ ట్యాంకు కారుతున్నట్టు. మా బిల్డింగులో ఇలా చూస్తే రాత్రికి రాత్రి దగ్గర దగ్గర వెయ్యి లీటర్లు పోతున్నాయని తేలింది, ఎవ్వరూ వాడట్లేదు, ఊరికే పోతున్నాయి, ఆ రోజు నాకు ఏడుపొచ్చినంత పనైంది ఎందుకంటే ఆ ముందు రోజే ముగ్గురు ముసలివాళ్లున్న ఇంటికి నీళ్లు అందక నేను సారీ చెప్పి వచ్చా.

రెండు, ట్యాంకర్ వచ్చినప్పుడు పోయకముందు కొలవండి, పోశాక కొలవండి. పైన చెప్పిన సంపులో 6,000 లీటర్ల ట్యాంకర్ పడితే 32 అంగుళాలు పైకి రావాలి. 26 వచ్చిందంటే వెయ్యి లీటర్లకు పైగా తక్కువ పోసినట్టు. డ్రైవర్‌తో పోట్లాడకండి, ఆ అబ్బాయి కూడా పొద్దున్నించీ తిరుగుతున్నవాడే, ఫోటో తీసి ఓనర్‌కి పంపండి, మనం కొలుస్తున్నామని తెలిస్తే చాలు తర్వాతి ట్యాంకర్ నుంచి నిండుగా వస్తుంది. పోస్తున్నంతసేపూ సంపు వైపు వచ్చే మిగతా వాల్వులు కట్టేయించండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

మూడు, రోజువారీ ఒక పుస్తకంలో రాయండి, వాచ్‌మన్‌కి చెప్తే రాసేస్తాడు. వారం రాసేసరికి ఏ రోజు ఎంత వాడుతున్నారో కళ్లకి కనపడుద్ది. మామూలుగా ఊళ్లలో మనిషికి రోజుకి 135 లీటర్లని లెక్కేస్తారు, కరువు రోజుల్లో మనిషికి 90 దగ్గరికి తేగలిగితే చాలా బాగా చేసినట్టే అని నా ఉద్దేశం, అంతకన్నా కిందికి లాగితే శుభ్రత దెబ్బతింటుంది, ముఖ్యంగా చిన్నపిల్లలున్న ఇళ్లలో.

ఇంట్లో పని

ఫ్లష్ ట్యాంకుతో మొదలుపెట్టండి. ట్యాంకు మూత తీసి చిటికెడు పసుపు కలపండి, పావుగంట ఎవరూ ఫ్లష్ చెయ్యకూడదు, కింద కమోడ్‌లో పసుపు రంగు కనిపించిందంటే లోపల వాషర్ పోయినట్టు. ప్లంబర్‌కి చెప్తే కొత్తది వేసేస్తాడు, పెద్ద ఖర్చు కాదు. పాత ట్యాంకులైతే ఒక్కో ఫ్లష్‌కి పది లీటర్లు లాగేస్తాయి, ఒక లీటరు బాటిల్లో నీళ్లు నింపి మూత గట్టిగా బిగించి అందులో నిలబెట్టండి, ఫ్లోట్‌కి తగలకుండా, ప్రతిసారీ లీటరు మిగులుద్ది.

తర్వాత కుళాయిలు. బకెట్ పెట్టి నిమిషం పాటు తిప్పి చూడండి, పది పన్నెండు లీటర్లు వస్తోందంటే అది చేతులు కడుక్కోవడానికి మరీ ఎక్కువ. ఏరేటర్ అని చిన్న జల్లెడ లాంటిది కుళాయి మూతికి బిగించేది దొరుకుతుంది, గాలి కలిపి వదులుతుంది, చేతికి నీళ్లు బాగా తగిలినట్టే ఉంటుంది కానీ వాడకం సగానికి పైగా తగ్గుతుంది. వాష్ బేసిన్లకీ సింకుకీ పెట్టండి, బకెట్ నింపే కుళాయికి పెడితే ఉపయోగం లేదు, బకెట్‌కి పట్టేది ఎలాగూ అంతే, టైమ్ దండగ. మూడు నెల్లకోసారి విప్పి వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో నానబెట్టి తోమండి, బోరు నీళ్ల ఉప్పు దాంట్లో పేరుకుపోద్ది.

స్నానం సంగతి చెప్పక్కర్లేదు, షవర్ మానేసి బకెట్టూ మగ్గూ, మన ఇళ్లలో అమ్మమ్మలు చేసినట్టే. షవర్ కింద పది నిమిషాలంటే వంద లీటర్లు పోయినట్టు, బకెట్ అయితే పద్దెనిమిదో ఇరవయ్యో. పిల్లలు షవరే కావాలని ఏడిస్తే కాళ్ల కింద టబ్ పెట్టండి, ఆ నీళ్లు బాత్రూమ్ కడగడానికి వాడుకోవచ్చు. వాషింగ్ మెషిన్ నిండా బట్టలు పడ్డాకే వెయ్యండి, ఆఖర్లో వచ్చే జాడింపు నీళ్లు పైపుతో బకెట్లోకి పట్టుకుంటే బాల్కనీ కడిగేసుకోవచ్చు.

ఆర్వో ఫిల్టరు ఉంటే లీటరు మంచినీళ్లకి రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది, ఆ సన్న పైపుని ఒక డ్రమ్ములోకి మళ్లించండి. గచ్చు తుడవడానికీ, గిన్నెలు మొదటిసారి తొలవడానికీ, బండి తుడవడానికీ బేషుగ్గా పనికొస్తాయి. మొక్కలకి మాత్రం రోజూ అవే పోయకండి, ఉప్పు ఎక్కువుంటుంది, తులసీ మల్లీ ఆకులు మాడిపోతాయి, వాటికి బియ్యం కడిగిన నీళ్లూ కూరలు కడిగిన నీళ్లూ చాలు. మా ఇంట్లో ఆ ఎండాకాలం కరివేపాకు చెట్టు బతికింది ఒట్టి బియ్యం కడుగు నీళ్ల మీదే.

బండి విషయం. తడిగుడ్డతో తుడవండి, సగం బకెట్ ఆర్వో నీళ్లు చాలు. పైపు పెట్టి కడగడం మాత్రం వద్దు, ఫైను సంగతి అలా ఉంచండి, ఎదురింటి ఆవిడ బిందె పట్టుకుని నిలబడ్డప్పుడు మన కారు కింద నుంచి నీళ్లు రోడ్డు మీదికి పారడం చూడలేం.

పనావిడకి కూడా విషయం చెప్పండి, కానీ గదమాయించకండి. ఆమె ఇంటి దగ్గర మన కంటే ముందే నీళ్లు ఆగిపోయి ఉంటాయి. మా ఇంట్లో పని చేసే అక్క రోజూ రెండు క్యాన్లు పట్టుకెళ్లేది, ఆ రోజుల్లో అది అడగాల్సిన పని కూడా కాదు, ఇవ్వాల్సిందే.

తాగే నీళ్లు జాగ్రత్త

టీడీఎస్ మీటర్ పెట్టి చూసి నీళ్లు బాగున్నాయనుకుంటారు చాలామంది, అది ఉప్పు సంగతి చెప్తుంది కానీ క్రిముల సంగతి చెప్పదు. ట్యాంకర్ నీళ్లు సంపులో పడ్డాక క్లోరిన్ వెయ్యాలి, మందుల షాపులో కానీ ఆన్‌లైన్లో కానీ చిన్న క్లోరిన్ టెస్ట్ కిట్ దొరుకుతుంది, కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు కనపడాలి. అనుమానం ఉంటే బాగా తెర్లించి చల్లార్చి తాగండి. ట్యాంకర్ పైపుని నేల మీద పడేసి తర్వాత సంపులో పెడతారు, అది మాత్రం ఒప్పుకోకండి, ముందు ఓ చెంబు నీళ్లతో పైపు మూతి కడిగించండి. సంపు అడుగున బురద ఉంటే ఎంత మంచి నీళ్లు పోసినా పాడవుతాయి, ఖాళీ అయిన రోజే కడిగించేయండి, ఎలాగూ ఖాళీ అవుద్ది కదా.

అపార్ట్‌మెంట్ కమిటీలో ఉన్నవాళ్లకి

టైమింగులు పెట్టాల్సి వస్తే ఒకరోజు ముందు చెప్పండి, పొద్దున రెండున్నర గంటలు, సాయంత్రం రెండు గంటలు అలా. కానీ ఒకటి గుర్తుంచుకోండి, నీళ్లు కట్టేస్తున్నాం అనగానే ప్రతి ఇంట్లో డ్రమ్ములూ బకెట్లూ నింపేస్తారు, మర్నాడు పాత నీళ్లు పారబోసి కొత్తవి పడతారు, మొదటి మూడు రోజులు వాడకం పెరుగుతుంది కూడా. పూర్తిగా కట్టెయ్యడం కంటే గేట్ వాల్వ్ కొంచెం తిప్పి ప్రెషర్ తగ్గించడం మాకు బాగా పనిచేసింది. పై అంతస్తు వాళ్లకి అందుతోందో లేదో రోజూ అడగాలి, వాళ్లకే ముందు ఆగిపోతుంది.

ఎస్టీపీ, అంటే మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు, ఉంటే అదే మీ బంగారు గని అనుకోండి. శుద్ధయిన నీళ్లు ఫ్లష్‌కీ, తోటకీ, పార్కింగ్ కడగడానికీ వాడితే మంచినీళ్లు మూడో వంతు దాకా మిగులుతాయి. 2024 ఐపీఎల్ టైమ్‌లో చిన్నస్వామి స్టేడియం గడ్డికి కూడా కబ్బన్ పార్కు ఎస్టీపీ నుంచే శుద్ధి చేసిన నీళ్లిచ్చారు, రోజుకి 75,000 లీటర్లు అన్నారు. అక్కడ అంత పెద్ద గ్రౌండుకి సరిపోయినప్పుడు మన లాన్‌కి సరిపోవా. ఆ పైపులకి వేరే రంగు వేయించండి, ఏ కుళాయి దగ్గరైనా ఇవి తాగకూడదని కన్నడంలో, తెలుగులో, హిందీలో రాయించండి, ఎందుకంటే బిల్డింగ్ పనికొచ్చిన కూలీలు దాహమేసి తాగేస్తారు. మంచినీళ్ల లైనుకీ దీనికీ ఎక్కడా కలుపు లేకుండా ప్లంబర్‌తో రెండుసార్లు చెక్ చేయించండి, ఈ ఒక్క విషయంలో మాత్రం బద్ధకించొద్దు.

ట్యాంకర్ రేటు. 2024 మార్చిలో జిల్లా యంత్రాంగం రేట్లు ఫిక్స్ చేసింది, 5 కిలోమీటర్ల లోపు 6,000 లీటర్లకి 600, 8,000కి 700, 12,000కి 1,000 రూపాయలు, 5 నుంచి 10 కిలోమీటర్లయితే 750, 850, 1,200. దానికి ముందు రెండు వేలూ ఆపైనా తీసుకున్నారు, మేమూ ఇచ్చాం, వేరే దారి లేక. జనవరిలోనే ఒకరితో కాకుండా ఇద్దరితో మాట్లాడి పెట్టుకోండి, ఏప్రిల్‌లో ఫోన్ చేస్తే కొత్త కస్టమర్‌కి ఎవరూ ఫోన్ ఎత్తరు.

మెస్, హోటల్, పీజీ నడిపేవాళ్లకి

ఇక్కడ ఆంధ్రా మెస్సులూ పీజీలూ మనవాళ్లవే ఎన్నో, అందుకే ఇది కొంచెం వివరంగా రాస్తున్నా. 2024లో జలమండలి హోటళ్లకీ, మాల్స్‌కీ, ఫ్యాక్టరీలకీ, పెద్ద బిల్డింగులకీ ఏరేటర్లు తప్పనిసరి చేసి మార్చి నెలాఖరు గడువిచ్చింది. కాబట్టి మొదటి రోజే హ్యాండ్ వాష్ కుళాయిలన్నిటికీ బిగించి బిల్లు దాచుకోండి. ఇంకా మంచిది నొక్కితే కాసేపు వచ్చి ఆగిపోయే కుళాయి, భోజనం చేసినవాళ్లు ఫోన్ మాట్లాడుతూ కుళాయి వదిలేస్తారు, మధ్యాహ్నం రష్‌లో అదే ఎక్కువ పోయేది.

గిన్నెల దగ్గర పద్ధతి మార్చండి. పారే కుళాయి కింద తోమడం ఆపించి మూడు టబ్బులు పెట్టించండి. కంచాల్లో మిగిలింది ముందు చేత్తో గీకి బుట్టలో వెయ్యాలి, మొదటి టబ్బులో నానబెట్టాలి, రెండో దాంట్లో సబ్బు, మూడో దాంట్లో వేణ్ణీళ్ల జాడింపు. మూడోది మురికయ్యాక దాన్నే మొదటి టబ్బులోకి పొయ్యండి, మూడోదాంట్లో కొత్తవి. మా వీధిలో మెస్ నడిపే ఒకాయన ఇలా చేసి రోజుకి రెండు ట్యాంకర్లు తెప్పించేవాడు ఒకదానికొచ్చాడు, ఇంకా ఆయన స్టీలు కంచాలు తీసేసి అరిటాకులు పెట్టాడు, జనాలకీ అదే నచ్చింది. పేపర్ ప్లేట్లకి వెళ్లకండి, లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, నీళ్ల సమస్య పోయి చెత్త సమస్య వస్తుంది.

మంచినీళ్ల గ్లాసు నిండా పోసి పెట్టొద్దు, సగం గ్లాసు పోసి జగ్గు టేబుల్ మీద ఉంచండి, అడిగినవాళ్లు పోసుకుంటారు. తగ్గించకూడనివి కూడా ఉన్నాయి, వంటవాళ్ల చేతులు కడుక్కునే నీళ్లు, కూరగాయలూ మాంసం కడిగే నీళ్లు, కత్తిపీటలూ చెక్కలూ కడిగే నీళ్లు, వీటిలో పొదుపు చేస్తే కస్టమర్‌కి వాంతులు పట్టుకుంటాయి. మరీ నీళ్లు లేని రోజు మెనూ తగ్గించండి, పది కూరల బదులు నాలుగు. 2019లో చెన్నైలో కొన్ని హోటళ్లు మధ్యాహ్నం భోజనమే ఆపేసుకోవాల్సి వచ్చింది, అంతదాకా రాకముందే రెండు కూరలు తగ్గించుకోవడం నయం.

పీజీవాళ్లు బట్టల మెషిన్‌కి ఫ్లోరు వారీగా రోజులు పంచండి, బాత్రూముల్లో షవర్ హెడ్ విప్పేసి బకెట్ పెట్టండి, నీళ్లు ఎన్నింటికి వస్తాయో నిజం చెప్పండి. ఉద్యోగానికి వెళ్లే పిల్లలు, తల మీద షాంపూతో ఉండగా నీళ్లు ఆగిపోతే ఎంత కోపమొస్తుందో ఆలోచించండి. బిల్డింగ్ కట్టించేవాళ్లు జలమండలి శుద్ధి చేసిన నీళ్ల ట్యాంకర్ల గురించి 1916లో అడగండి, శ్లాబ్ క్యూరింగ్‌కి తడి గోనెసంచులు కప్పితే పైపు పెట్టినదానికంటే ఎక్కువసేపు తడి ఆగుతుంది. బండ్లు కడిగే వాటర్ సర్వీసింగ్ సెంటర్లవాళ్లు శుద్ధి చేసిన నీళ్ల బిల్లులు ఫైల్లో పెట్టుకోండి, ఎవరైనా చెకింగ్‌కి వస్తే చూపించడానికి అదే ఆధారం.

ఏప్రిల్‌లో వాన పడకముందే చెయ్యాల్సింది

బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లో మామిడి వానలు ఒకటి రెండు గట్టిగానే పడతాయి, అందరూ తడిసి మురిసిపోతారు, నీళ్లన్నీ కాలవలోకి పోతాయి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే 900 లీటర్ల పైన, అన్నీ పట్టలేకపోయినా 700 ఎక్కడికీ పోవు. ఇక్కడ పాత బిల్డింగులైతే 2,400 చదరపు అడుగుల సైటు నుంచి, కొత్తవైతే 1,200 నుంచి వాననీటి ఏర్పాటు ఎలాగూ తప్పనిసరి, చాలా బిల్డింగుల్లో పైపు ఉంటుంది, ఫిల్టరే మూసుకుపోయి ఉంటుంది. మార్చి ఆఖరి ఆదివారం డాబా ఊడ్పించండి, ఎండుటాకులూ పావురాల రెట్టా తీయించండి, ఫిల్టర్‌లో కంకర కడిగించండి. మబ్బు పట్టగానే వాచ్‌మన్‌కి ఫోన్ చెయ్యండి, మొదటి పది నిమిషాల నీళ్లు బయటికి వదిలేసి, నీళ్లు తేటపడ్డాక వాల్వ్ సంపు వైపు తిప్పమని.